చిల్లర చీటీ ఎవరి అప్పు?

పోయిన నెల హైదరాబాదులో పాత నాణేలు, నోట్లు అమ్మే ప్రదర్శన జరిగితే వెళ్లాను. కొనాలని కాదు, చూద్దామని. గాజు పెట్టెల మీద వంగి చూసుకుంటూ పోతుంటే ఒక స్టాలు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ప్లాస్టిక్ కవర్లో అరచేతిలో సగం ఉన్న రంగుల చీటీ. వేణువు ఊదుతూ నడుస్తున్న మనిషి, వెనక ఎలుకల బారు. జర్మనీలోని హామెల్న్ అనే ఊరి మునిసిపాలిటీ మొదటి ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్తల్లో అచ్చు వేయించిన 50 ఫెనిగ్‌ల చీటీ. నోట్‌గెల్ట్ అంటారు, ఆపద్ధర్మపు డబ్బు అన్నమాట.

స్టాలాయన అరవై దాటిన పెద్దాయన. ఓపిగ్గా ఒక్కొక్కటీ తీసి చూపించారు. నేను అడగకుండానే కథ కూడా చెప్పారు. "యుద్ధం వచ్చేసరికి జనం చిల్లరంతా ఇళ్లలో దాచేసుకున్నారమ్మా. దేశం ఏమైపోయినా వాళ్లకి పట్టలేదు. ఊళ్లు నడవాలి కదా, అందుకని ఇలా చీటీలు కొట్టుకున్నారు."

ఆయన చెడ్డగా ఏమీ అనలేదు. నాణేల పుస్తకాల్లో, నోట్ల చరిత్రల్లో, అప్పటి ప్రభుత్వ ప్రకటనల్లో అందరూ చెప్పే మాటే అది. కానీ ఆ మాట నాతోపాటు ఇంటిదాకా వచ్చింది. 'జనం దాచేశారు' అన్న రెండు ముక్కల్లో ఎంత తప్పు దూరిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. ఎందుకంటే చిల్లర కరువంటే ఏమిటో నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని చూశాను. చీటీ రాసిచ్చిన మనిషి మా నాన్న.

పెళ్లికార్డుల డబ్బు

మాది మధిర వైపు. బస్టాండు ఎదురుగా నాన్నకి నాలుగు బల్లల టిఫిన్ హోటల్ ఉండేది. తొంభైల చివర్లో రూపాయి బిళ్లకి ఎంత కటకట వచ్చిందో ఆ కాలంలో కొట్టు నడిపినవాళ్లకి చెప్పక్కర్లేదు. మన టంకశాలలు చాలక ప్రభుత్వం విదేశాల్లో కూడా నాణేలు కొట్టించి తెప్పించిన రోజులవి. వంద నోటు ఇస్తే తొంభై ఐదు రూపాయల చిల్లర లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు ఊళ్లో ఇద్దరుండేవారు. అంటే వందకి ఐదు రూపాయల వట్టం. ఇడ్లీ మీద మిగిలేదే అంతంతమాత్రం. చిల్లర కొనుక్కుంటే ఆ మిగిలేదీ పోతుంది.

అప్పుడు నాన్న పాత పెళ్లికార్డులు తీశాడు. మా ఇంట్లో శుభలేఖలు పారేసే అలవాటు లేదు, అటకమీద కట్టలుగా ఉండేవి. వాటిని అమ్మ కత్తెరతో అగ్గిపెట్టె కొలతకి కత్తిరించేది. రాత రాని వైపు నాన్న 1 అని రాసి, హోటల్ రబ్బరు స్టాంపు కొట్టి, మూలన పొడి అక్షరాలు పెట్టేవాడు. వంకాయరంగు సిరా. కొన్నింటికి అంచున పసుపు మరక ఉండేది. వెనక్కి తిప్పితే సగం గణపతి బొమ్మో, 'సుముహూర్తము' అన్న మాటలో రెండక్షరాలో కనిపించేవి. బడి నుంచి రాగానే నా పని ఆ చీటీల్ని పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి గల్లాపెట్టెలో సర్దడం.

మొదట్లో మా హోటల్లో తిన్నవాళ్లే మళ్లీ వచ్చినప్పుడు టీకి ఇచ్చేవాళ్లు. నెల తిరిగేసరికి పక్క పాన్‌డబ్బా అతను కూడా తీసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత పూలమ్మే ఆవిడ. తర్వాత ఆటోవాళ్లు. ఎవరూ సమావేశం పెట్టుకోలేదు, ఎవరూ ప్రకటించలేదు. సాయంత్రానికి వాళ్లంతా చీటీలు తెచ్చి టిఫిన్ తినేవాళ్లు, లేదా పది కూడితే పది నోటు పట్టుకెళ్లేవాళ్లు. బస్టాండు చుట్టూ ఒక రెండువందల అడుగుల మేర అది డబ్బే. రైలుగేటు దాటితే పెళ్లికార్డు ముక్క.

ఒకసారి ఒక కుర్రాడు దొంగ చీటీ తెచ్చాడు. స్టాంపు లాగే ఉండేట్టు సిరాతో గీశాడు, నేను పోల్చుకోలేకపోయాను. నాన్న చీటీ తిప్పి వెనకవైపు చూశాడు. "ఈ పెళ్లికి మనల్ని పిలవలేదమ్మా" అన్నాడు. అటకమీదున్న కార్డులన్నీ ఆయనకి కంఠతా వచ్చు. కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టాడు, చీటీ మాత్రం చించేశాడు.

మొదట తలుపు మూసిందెవరు

ఇప్పుడు స్టాలాయన మాటకి వస్తాను. జనం దాచేశారు, అందుకని చిల్లర మాయమైంది. నిజమే, దాచారు. కానీ ముందు ఏం జరిగిందో తేదీలు చూడండి.

అమెరికా అంతర్యుద్ధంలో చిల్లర పూర్తిగా మాయమైంది 1862 వేసవిలో. కానీ 1861 డిసెంబరు నెలాఖరుకే న్యూయార్కు బ్యాంకులు కాగితానికి బదులు బంగారం ఇవ్వడం మానేశాయి, వెంటనే ప్రభుత్వమూ మానేసింది. తర్వాత బంగారం హామీ లేని కాగితపు డాలర్లు వచ్చాయి. వాటి విలువ జారుతున్నకొద్దీ వెండి బిళ్లలో ఉన్న వెండి, దాని మీద అచ్చేసిన విలువని మించిపోయింది. వెండి కెనడాకీ దక్షిణ అమెరికా దేశాలకీ తరలిపోయింది. జనం పోస్టాఫీసుల మీద పడి తపాలా బిళ్లలు కొనుక్కుని వాటితో బేరాలు చేశారు. జిగురు బిళ్లలు చెమట చేతుల్లో అంటుకుపోతుంటే గాల్ట్ అనే ఆయన వాటిని ఇత్తడి బిళ్లలో బిగించి పైన అభ్రకపు రేకు వేసి అమ్మాడు. కొట్లవాళ్లు సొంత చీటీలు వేసుకున్నారు. జులైలో చట్టం వచ్చింది: డాలరుకి తక్కువ విలువ ఉన్న ప్రైవేటు చీటీలు నేరం.

జర్మనీలో 1914 జులై 31న ఆ దేశపు కేంద్ర బ్యాంకు రైష్‌బ్యాంకు నోటుకి బంగారం ఇవ్వడం ఆపేసింది. ఊళ్ల చీటీలు ఆగస్టులో మొదలయ్యాయి. తర్వాత చిల్లర ఇంకా కరిగిపోయింది. దానికి కారణం ఇంటింటి కుండలు కావు. నికెల్, రాగి ఆయుధాలకి కావాలని ప్రభుత్వమే ఆ నాణేలు ఆపి, ఇనుముతో, జింకుతో, అల్యూమినియంతో కొట్టడం మొదలుపెట్టింది. అవీ చాల్లేదు. చివరికి 1918లో పెద్ద నోట్లు కూడా అచ్చు వేయలేక రైష్‌బ్యాంకే నగరాల్ని మీరూ వేసుకోండి అని అడిగింది.

రెండు చోట్లా వరస ఒక్కటే. ముందు పైవాడు 'ఇస్తాను' అన్న మాట తప్పాడు. తర్వాతే కిందివాడు బిళ్లని చెంగున ముడేసుకున్నాడు. ఆ రెండో పనికి 'దాచడం' అని పేరు పెట్టి, మొదటి పనికి 'అత్యవసర చర్య' అని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు.

మన దగ్గరా ఇదే

మొదటి యుద్ధంలో మన రూపాయి కథ ఇంకా తేటగా కనిపిస్తుంది. 1915లో ఔన్సు 27 పెన్సుల దగ్గరున్న వెండి 1917 ఆగస్టుకి 43 పెన్సులకి చేరింది. రూపాయి మారకం అప్పుడు 16 పెన్సులు. ఔన్సు వెండి 43 దాటిందంటే రూపాయి బిళ్లలో ఉన్న వెండే 16 పెన్సులు దాటుతుంది, అంటే రూపాయిని రూపాయిగా ఖర్చుపెట్టడం కంటే కరిగించడమే లాభం. మధిర పక్క పల్లెలో రైతుకి లండన్ ధర తెలిసే దారి లేదు. కానీ కంసాలి అడిగే ధర తెలుసు. ఆ ఏడు నవంబరు 30న ప్రభుత్వం రూపాయి నోటు తెచ్చింది, 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటు. ఎనిమిది భాషల్లో విలువ రాశారు, తెలుగుతో సహా. కానీ రాస్తే చాలదు కదా. నోటు తెస్తే వెండి ఇవ్వడం కరెన్సీ ఆఫీసులకే పరిమితం చేసి ట్రెజరీల్లో ఆ వెసులుబాటు తగ్గించారు. పల్లెటూరి మనిషి కరెన్సీ ఆఫీసుకి ఎక్కడ పోతాడు? నోటు ఇస్తే షావుకారు వట్టం పట్టుకుని మిగిలింది ఇచ్చాడు. ఆ వట్టం ఎవరి జేబులోంచి పోయింది?

1918 వేసవికి పరిస్థితి ఎంతవరకు వచ్చిందంటే, అమెరికా ఏప్రిల్ 23న పిట్‌మన్ చట్టం చేసి పాతిక కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించి, 20 కోట్ల ఔన్సుల వెండి భారతదేశానికి అమ్మింది. ఆ వెండి అందింది కాబట్టి నోటు మీది మాట నిలబడింది. అందకపోతే ఇక్కడి ప్రతి ఊరికీ ఒక చీటీ పుట్టేది.

అదే 1918లో నిజాం రాజ్యంలోనూ కరెన్సీ చట్టం వచ్చి పది, వంద రూపాయల ఉస్మానియా నోట్లు వచ్చాయి, మరుసటి ఏడు రూపాయి నోటు. వాటి మీదా తెలుగు ఉంది. మా నాయనమ్మది నందిగామ వైపు పుట్టిల్లు, మధిర అత్తిల్లు. అంటే పుట్టింటి రూపాయి బ్రిటిషువాళ్ల కల్దారు, అత్తింటి రూపాయి నిజాం హాలీ. ఆరు కల్దారు రూపాయలకి ఏడు హాలీ రూపాయలు. పుట్టింటికి పోయినప్పుడల్లా ఆవిడ ఈ లెక్క వేళ్ల మీద వేసుకునేదట. అక్షరం రాని మనిషి రెండు ప్రభుత్వాల డబ్బుని జీవితాంతం పొరపాటు లేకుండా మార్చుకుంది. అలాంటి మనుషులు ఏ బిళ్ల ఖర్చుపెట్టాలో, ఏది దాచాలో తెలియక దేశాన్ని ఇబ్బంది పెట్టారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

రెండో యుద్ధంలో మళ్లీ అదే నాటకం. 1940 జూన్‌లో అవసరానికి మించి నాణేలు దగ్గర పెట్టుకోవడం నేరమన్నారు. జులైలో రూపాయి నోటు తిరిగొచ్చింది. అర్ధరూపాయి, పావలాల్లో వెండి పాళ్లు సగానికి తగ్గించారు. విక్టోరియా రాణి రూపాయలు 1941 మార్చి దాటితే చెల్లవన్నారు. నికెల్ మిగల్చడానికి అణా ఇత్తడి రంగులోకి మారింది. 1943లో రాగి కాణీకి నడుమ చిల్లు పడింది. పాత కాణీలో సగం బరువు కూడా లేదు దానికి. మా నాయనమ్మ ఆ చిల్లుకాణీని పిల్లల మొలతాళ్లకి కట్టేదాన్నని చెప్పేది. లాహోరులో కొత్త టంకశాల పెట్టాల్సి వచ్చింది. అమెరికా నుంచి ఈసారి 22 కోట్ల ఔన్సుల పైచిలుకు వెండి అప్పుగా వచ్చింది.

ఆ కరువులోనే ఇప్పటి గుజరాత్‌లోని కాఠియావాడ్ వైపు చిన్న చిన్న సంస్థానాలు, మోర్వీ, నవానగర్, గోండల్, జునాగఢ్ లాంటివి, రాజపుతానాలో బికనేరు, బూందీ, తమ ఊళ్లలో వాడుకోవడానికి పైసా, అణాల అట్టముక్కలు అచ్చు వేసుకున్నాయి. 'క్యాష్ కూపన్లు' అన్నారు. ప్రదర్శనలో రెండు చూశాను. మా నాన్న చీటీల కంటే కాస్త పెద్దవి, అంతే. ఒక రాజ్యం తన ముద్ర వేసి పైసా కూపన్ అచ్చు వేసుకోవాల్సిన రోజు వచ్చిందంటే, ఆ పైసా లేక ముందు ఎవరి బేరం ఆగిపోయి ఉంటుందో నాకు తెలుసు. కూరగాయల గంప ముందు కూర్చున్న మనిషిది.

నాకున్న అనుమానాలు

ఇంతవరకు రాసి ఆగాను. నేను చెబుతున్నది మరీ ఏకపక్షంగా ఉందేమో అనిపించింది. కొన్ని విషయాలు నాకు అడ్డం వస్తున్నాయి.

మొదటిది, దాచడం పేదవాడికి సాధ్యం కాదు. సాయంత్రం కూలీ తీసుకుని సాయంత్రమే బియ్యం కొనే మనిషి దగ్గర రూపాయి రాత్రి నిలవదు. దాచగలిగింది మిగులున్నవాడు. మా ఊళ్లో వందకి ఐదు వట్టం పట్టుకున్న ఆ ఇద్దరూ జనమే కదా. వాళ్లు బస్తాల్లో దాచిన చిల్లర బయటికి వస్తే నాన్నకి కత్తెర పని ఉండేది కాదు. కాబట్టి స్టాలాయన మాటలో కొంత నిజం ఉంది. దాచినవాడు ఒకడు, చిల్లర దొరక్క అల్లాడినవాడు ఇంకొకడు, ఇద్దర్నీ కలిపి 'జనం' అనడం దగ్గరే నాకు పేచీ.

రెండోది ఇంకా గట్టిది. ఊరి చీటీలన్నీ మంచి మనసుతో పుట్టినవి కావు. జర్మనీలోనే చూడండి. 1920 తర్వాత చాలా ఊళ్లు చిల్లర కోసం కాదు, సేకరించేవాళ్ల కోసం చీటీలు వేశాయి. ఆరేసి, పన్నెండేసి బొమ్మల వరసలు. ఊరి కథలు, కోటలు, సామెతలు. బీలెఫెల్డ్ అనే ఊరు పట్టుగుడ్డ మీద కూడా అచ్చు వేసింది. చెల్లే గడువు పొట్టిగా పెట్టేవారు. కొన్నవాడు ఆల్బంలో పెట్టుకుంటాడు, తిరిగి తేడు, ఆ డబ్బు ఊరికి మిగులు. ఈ లెక్క మీద కొన్ని మునిసిపాలిటీలు బాగానే సంపాదించాయి. 1922 జులైలో ప్రభుత్వం వీటిని నిషేధించింది. ఆ నిషేధం తప్పని నేను అనలేను.

నేను చూసిన హామెల్న్ చీటీ కూడా ఆ కాలంలోదే. దాని మీద బొమ్మ ఏ కథది? ఎలుకల్ని తరిమితే సొమ్ము ఇస్తామని ఊరిపెద్దలు ఒప్పుకుని, పని అయ్యాక ఎగ్గొట్టిన కథది. మాట తప్పిన కథని మాట ఇచ్చే కాగితం మీదే అచ్చు వేశారు. దాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

అదే సమయంలో ఫ్రాన్స్ వేరే దారి పట్టింది. అక్కడా 1914 ఆగస్టు నుంచే చిల్లర పోయింది. చీటీలు వేసింది వర్తక సంఘాలు, అంటే ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లు. అర ఫ్రాంకు, ఒక ఫ్రాంకు, రెండు ఫ్రాంకులు. కానీ ఎంత విలువ చీటీలు వేస్తే అంత డబ్బు బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్‌లో పక్కన పెట్టాలి. చీటీ తిరిగొచ్చిన రోజు ఇవ్వడానికి డబ్బు ముందే సిద్ధంగా ఉంటుంది. చీటీలు నలిగి, చిరిగి, మురికిపట్టి తిరిగాయి. 1920 నుంచి లోహపు బిళ్లలు వచ్చాక వాటిని వెనక్కి తీసుకున్నారు. సేకరణల్లో ఈ రెంటినీ పక్కపక్కన పెడితే జర్మనీ చీటీ కళకళలాడుతుంది, ఫ్రాన్స్ చీటీ పాత బస్సు టిక్కెట్‌లా ఉంటుంది. అయినా నా ఓటు ఆ బస్సు టిక్కెట్టుకే.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. చీటీ ఎవరు వేశారు, చట్టం ఒప్పుకుందా లేదా అన్నది రెండో మాట. మొదటి మాట, అది అప్పు. వేసినవాడు తెచ్చినవాడికి పడ్డ బాకీ. అది మంచిదా చెడ్డదా అన్నది పుట్టిన రోజున తెలియదు, ఆఖరి రోజున తెలుస్తుంది. తెచ్చినవాడికి ఇచ్చారా? తేలేనివాడి సంగతి ఏం చేశారు?

ఇంకొక మాట కూడా తోస్తోంది. మనం గాజు పెట్టెల్లో చూసి మురిసిపోయే చీటీలన్నీ తిరిగి రానివే. తిరిగొచ్చినవి చించేస్తారు, కాల్చేస్తారు. అంటే సేకరించేవాడి ఆల్బం తీరని బాకీల పట్టీ. సరదాపడి దాచుకున్నవాడి చేతిలో మిగిలితే బాధ లేదు. ఊరు విడిచి పోయిన కూలీ మూటలోనో, చనిపోయిన సైనికుడి జేబులోనో మిగిలిపోయినవి కూడా ఆ పెట్టెల్లోనే ఉన్నాయి, విడదీసి చూపించే గుర్తేమీ వాటి మీద ఉండదు.

సెక్షన్ 31

మా హోటల్లో రోజూ ఉదయం రెండిడ్లీ తినే వకీలు గారు ఒకాయన ఉండేవారు. నాన్నంటే ఇష్టం. ఒకరోజు చీటీ చేతిలో పెట్టగానే దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది రిజర్వు బ్యాంకు చట్టం సెక్షన్ 31కి విరుద్ధం, తెలుసా?" అన్నారు. తెచ్చినవాడికల్లా డబ్బిస్తానని రాసిచ్చే కాగితం బ్యాంకో ప్రభుత్వమో తప్ప ఎవరూ వేయకూడదని దాని సారం. బెదిరించడానికి చెప్పలేదు, హెచ్చరిక చేశారు.

నాన్న ఆ రోజంతా మాట్లాడలేదు. రాత్రి అమ్మతో అన్నాడు, "తప్పే అయితే మానేస్తా. రేపు పొద్దున రూపాయి బాకీ పడితే దేంతో ఇవ్వమంటారో అది చెప్పమను." మరునాడు బ్యాంకుకి వెళ్లి చిల్లర సంచి అడిగాడు. వచ్చే నెల రమ్మన్నారు. హోటల్‌కి తిరిగొచ్చి మళ్లీ కత్తెర పట్టుకున్నాడు. వకీలు గారు ఆ తర్వాత కూడా చీటీ తీసుకున్నారు, ఇంకేమీ అనలేదు.

ఆ చట్టం అనవసరమని నేను అనను. ప్రతి కొట్టూ నోటు వేసుకుంటే ఏమవుతుందో జర్మనీ చూపించింది. కానీ చీటీ వేయొద్దు అనే హక్కు చిల్లర అందించే బాధ్యతతో పాటే వస్తుందని నా నమ్మకం. అమెరికా 1862లో ప్రైవేటు చీటీల్ని నిషేధించిన చట్టంలోనే తపాలా బిళ్లల్ని చెల్లింపుకి ఒప్పుకుంది, ఆగస్టులోనే ఐదు, పది, పాతిక, యాభై సెంట్ల చిన్న నోట్లు బయటికి తెచ్చింది. ఒక చేత్తో లాక్కుంటే రెండో చేత్తో ఇచ్చింది. రష్యా 1915లో తపాలా బిళ్లల్నే దళసరి అట్ట మీద అచ్చు వేసి, వెండి చిల్లరతో సమానంగా చెల్లుతుందని వెనక రాసింది. చూడ్డానికి ఎలా ఉన్నా అది బాధ్యత ఒప్పుకోవడం. ఇవ్వాల్సింది ఇవ్వకుండా, దాచినవాడి మీద కేసు, చీటీ వేసినవాడి మీద కేసు అంటే మాత్రం అది బలహీనుడి మీద బలం చూపించడమే.

నమ్మకం దగ్గర ఒక మెలిక ఉంది, అదీ చెప్పాలి. పది రూపాయల బిళ్ల సంగతి మీకందరికీ తెలుసు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్ని కొట్లలో 'ఇది చెల్లదు' అన్నారో. 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటన ఇచ్చినా చాలాచోట్ల తీసుకోలేదు. దేశం మొత్తం పూచీ ఉన్న బిళ్లని తోసేసిన చేతులే అంతకుముందు నాన్న పెళ్లికార్డు ముక్కని తీసుకున్నాయి. మనుషులకి తెలివి లేకనా? కాదు. బిళ్ల తేడా వస్తే ఎవర్ని అడగాలో వాళ్లకి తెలియదు. చీటీ తేడా వస్తే ఎదురుగా గల్లాపెట్టె దగ్గర నాన్న కూర్చుని ఉన్నాడు. దూరంనుంచి వచ్చే పూచీ ఎంత పెద్దదైనా మనిషి ముఖం ముందు నిలబడి అడిగే వీలుకి సమానం కాలేదు. ఊరి చీటీల బలమంతా అందులోనే ఉంది. ఆ ముఖం ఊరొదిలి వెళ్లిపోతే పోయేదీ అంతా.

ఇప్పుడు ఫోన్‌తో కొట్టేస్తున్నాం కాబట్టి ఈ గొడవ చాలామందికి గుర్తులేదు. అయినా బస్సులో కండక్టర్ టిక్కెట్టు వెనక 'ఏడు' అని రాసిచ్చి దిగేటప్పుడు అడగమ్మా అన్నప్పుడల్లా నాకు వంకాయరంగు సిరా గుర్తొస్తుంది. దిగే తొందరలో మర్చిపోయేది ఎప్పుడూ మూటలున్నవాళ్లే.

640, 509

2002 వేసవిలో నాన్నకి ఆరోగ్యం బాగాలేక హోటల్ మూసేశాం. మూసే ముందు చీటీలు ఉన్నవాళ్లు తెచ్చి డబ్బు తీసుకోమని పలక మీద సుద్దముక్కతో రాసి గుమ్మానికి వేలాడదీశాడు. పొయ్యి ఆర్పేశాక కూడా పది రోజులు ఉదయం ఆరింటినుంచి మధ్యాహ్నం దాకా ఖాళీ హోటల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. పాన్‌డబ్బా అతను ఒక్కడే నూటపది తెచ్చాడు. వకీలు గారు మూడు తెచ్చి, ఒకటి గుర్తుగా ఉంచుకుంటానన్నారు. నాన్న ఒప్పుకోలేదు. లెక్క తేలదన్నాడు.

ఎన్ని చీటీలు వేసిందీ ఆయన మొదటినుంచీ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మొత్తం 640. పది రోజుల్లో వచ్చినవి 498. ఏ రోజు వచ్చినవి ఆ రోజే పెరట్లో పొయ్యిలో వేసి కాల్చేవాడు.

నెల దాటాక పూలమ్మే ఆవిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కూతురి కాన్పుకని ఊరెళ్లిందట, హోటల్ మూసిన సంగతి తెలియదు. చెంగు ముడి విప్పి పదకొండు చీటీలు అరుగు మీద పరిచింది. "ఇంకా చెల్తాయా అన్నా?" అంది. ఆవిడ గొంతులో ఉన్నది భయం. పదకొండు రూపాయలు అంటే ఆవిడకి రెండు మూరల మల్లెలు కాదు, ఒక పూట. నాన్న లోపలికి వెళ్లి పదకొండు రూపాయి బిళ్లలు తెచ్చి ఒక్కొక్కటీ ఆవిడ చేతిలో పెట్టాడు. మజ్జిగ ఇమ్మని అమ్మకి చెప్పాడు. ఆవిడ వెళ్లాక పుస్తకం తీసి 498 కింద 11 వేసి కూడి 509 అని రాశాడు.

మిగిలినవి 131. అమ్మ "పోనీలెండి, ఎవరు తెస్తారు ఇంక" అంది. "తేకపోతే నావైపోతాయా?" అన్నాడు. 131 రూపాయి బిళ్లలు లెక్కపెట్టి తెల్లగుడ్డలో మూట కట్టి బీరువా కింది అరలో పెట్టించాడు. ఆ తర్వాత నాలుగేళ్లే ఉన్నాడు.

ప్రదర్శనలో ఇవన్నీ ఆ పెద్దాయనకి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. జనం దాచేశారు అన్న మాట మళ్లీ అనలేదు. చివర్లో, "ఆ పెళ్లికార్డు చీటీ ఒకటి ఇప్పించగలరామ్మా, మంచి ధర ఇస్తాను" అన్నారు. మా దగ్గర ఒక్కటీ లేదని చెప్పాను. ఉన్నవి ఎవరి దగ్గర ఉన్నాయో తెలియదు. ఎవరైనా తెస్తే మూట అమ్మ బీరువాలో ఉంది.